సి ప్రోగ్రామింగ్ భాష: ప్రాథమిక అంశాలు

నిర్వచనం

సి ఒక సాధారణ ప్రయోజన ప్రోగ్రామింగ్ భాష. 1972లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ దీనికి రూపమిచ్చారు. ఇందులో పనిని ఫంక్షన్లు అనే చిన్న చిన్న భాగాలుగా విడగొట్టి రాస్తారు. రాసినదాన్ని కంపైలర్ యంత్ర భాషలోకి మారుస్తుంది. ప్రతి వేరియబుల్‌కూ అది ఏ రకం విలువను దాచుకుంటుందో ముందే ప్రకటించాలి. ఒక విలువ మెమరీలో ఎక్కడ ఉందో, ఎన్ని బైట్లు ఆక్రమించిందో తెలుసుకునే వీలును, నేరుగా అక్కడికే వెళ్లి దాన్ని మార్చే వీలును సి ప్రోగ్రామరుకు ఇస్తుంది. కొత్తగా నేర్చుకునేవారి కష్టాల్లో ఎక్కువ భాగం ఈ లక్షణం వల్లే వస్తాయి. సి నేర్చుకున్నవారికి దక్కే అసలు లాభం కూడా దీనివల్లే.

ఈ వ్యాసంలో సి పదాలను తెలుగు లిపిలో ఇస్తున్నాం. కంప్యూటరులో మాత్రం వాటిని ఆంగ్ల చిన్న అక్షరాలతోనే టైపు చేయాలి. పెద్ద అక్షరాన్నీ చిన్న అక్షరాన్నీ సి వేర్వేరుగా చూస్తుంది.

చరిత్ర

సి పుట్టుక యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ చరిత్రలో భాగం. మల్టిక్స్ అనే భారీ ప్రాజెక్టు నుంచి బెల్ ల్యాబ్స్ 1969లో తప్పుకుంది. ఆ తర్వాత అక్కడి పరిశోధకుడు కెన్ థామ్సన్ పీడీపీ-7 అనే చిన్న కంప్యూటరుపై యూనిక్స్ తొలి రూపాన్ని అసెంబ్లీ భాషలో రాశారు. దానిపై వాడుకోవడానికి బి అనే భాషను తయారుచేశారు. 1960ల నడిమి కాలంలో మార్టిన్ రిచర్డ్స్ రూపొందించిన బీసీపీఎల్ భాషను కుదించగా వచ్చినదే బి.

బి భాషలో రకాలు లేవు. ఏ విలువైనా మెమరీలో ఒక పదం, అంటే స్థిరమైన పొడవున్న ఒక గడి మాత్రమే. పీడీపీ-7 మెమరీ అలాంటి గడులుగానే ఉండేది కాబట్టి ఇబ్బంది రాలేదు. తర్వాత వచ్చిన పీడీపీ-11లో ప్రతి బైటుకూ విడి చిరునామా ఉంది. ఒక బైటులో సరిపోయే అక్షరాన్నీ, రెండు బైట్లు కావలసిన సంఖ్యనూ ఒకే గడిగా చూసే భాష ఈ యంత్రానికి నప్పలేదు. 1971 నుంచి రిచీ బి భాషకు రకాలు చేర్చడం మొదలుపెట్టారు. అక్షరానికి చార్, పూర్ణాంకానికి ఇంట్ అలా వచ్చాయి. తొలి పాఠంలో విద్యార్థి కంఠస్థం చేసే డేటా రకాల పట్టిక వెనుక ఉన్న చరిత్ర ఇదే: కొత్త యంత్రంలో మెమరీ అమరిక మారింది, దాన్నిబట్టి భాష మారింది.

1972లో థామ్సన్ అప్పటి సితోనే యూనిక్స్‌ను తిరగరాయాలని కొద్దికాలం ప్రయత్నించి విరమించుకున్నారు. వేర్వేరు రకాల విలువలను ఒక పేరు కింద చేర్చే స్ట్రక్చర్లు అప్పటికి భాషలో లేవు. అవి చేరాక, 1973 వేసవిలో యూనిక్స్ కెర్నెల్‌ను, అంటే దాని కేంద్ర భాగాన్ని, సిలో తిరగరాశారు. ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్ అంటే అసెంబ్లీలోనే రాయాలన్న అభిప్రాయం బలంగా ఉన్న కాలంలో ఇది పెద్ద మలుపు. ఒక యంత్రం కోసం రాసిన వ్యవస్థను మరో యంత్రానికి తరలించడం దీనివల్ల వీలైంది. యూనిక్స్ వెళ్లిన ప్రతి విశ్వవిద్యాలయానికీ సి కూడా వెళ్లింది.

1978లో బ్రయన్ కెర్నిగన్, రిచీ కలిసి రాసిన ‘ద సి ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్’ వెలువడింది. పదేళ్లపాటు ఆ పుస్తకమే భాషకు అనధికారిక ప్రమాణంగా నిలిచింది. తెరపై ఒక పలకరింపు చూపించే ప్రోగ్రాముతో భాషను మొదలుపెట్టే అలవాటు దానివల్లే ప్రపంచమంతా పాకింది. థామ్సన్, రిచీలకు 1983లో ట్యూరింగ్ పురస్కారం లభించింది. రిచీ 2011 అక్టోబరులో మరణించారు.

భాషా ప్రమాణాలు

కంపైలర్లు పెరిగేకొద్దీ ఒక్కొక్కటి ఒక్కో తీరున నడవడంతో అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ (ఆన్సీ) 1983లో ఒక సంఘాన్ని నియమించింది. 1989లో తొలి ప్రమాణం వచ్చింది. మరుసటి ఏడాది అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ (ఐఎస్ఓ) దాన్ని అంతర్జాతీయ ప్రమాణంగా స్వీకరించింది. దీన్ని సి89 లేదా ఆన్సీ సి అంటారు. తర్వాత సి99, సి11, సి17 వచ్చాయి. సి23 అని పిలిచే ప్రమాణం 2024లో ప్రచురితమైంది. సి89లో 32 కీలక పదాలు ఉన్నాయి. తర్వాతి ప్రమాణాల్లో ఇవి పెరిగినా ప్రారంభ దశలో అవసరమయ్యేవి దాదాపుగా ఆ 32లోనివే. పాఠ్యపుస్తకం ఏ ప్రమాణాన్ని అనుసరించిందో చూసుకోవడం మంచిది. ఉదాహరణకు లూపు లోపలే వేరియబుల్‌ను ప్రకటించే వీలు సి99తో వచ్చింది. పాత పుస్తకాల్లో అది కనిపించదు.

ప్రోగ్రాము తయారయ్యే తీరు

విద్యార్థి టైపు చేసేది మామూలు పాఠ్య ఫైలు. అది నడిచే ప్రోగ్రాముగా మారడానికి నాలుగు దశలు దాటాలి. హ్యాష్ గుర్తుతో మొదలయ్యే వరుసలను ముందుగా ప్రీప్రాసెసర్ చూసుకుంటుంది. హెడర్ ఫైళ్లలోని సారాన్ని తెచ్చి అతికిస్తుంది, మాక్రోలు అనే సంక్షిప్త రూపాలను విప్పుతుంది. కంపైలర్ ఆ పాఠాన్ని పరిశీలించి అసెంబ్లీలోకి మారుస్తుంది. అసెంబ్లర్ దాన్ని యంత్ర సంకేతాలుగా చేసి ఆబ్జెక్ట్ ఫైలులో ఉంచుతుంది. చివరగా లింకర్ ఆ ఫైలునూ, లైబ్రరీలో సిద్ధంగా ఉన్న ఫంక్షన్లనూ కలిపి నడపదగిన ఫైలును ఇస్తుంది.

ఒక్క ఆదేశంతో నాలుగూ జరిగిపోతాయి కాబట్టి దశలను పట్టించుకోనవసరం లేదని అనిపిస్తుంది. కానీ తప్పు ఏ దశలో దొరికిందో తెలిస్తేనే దాన్ని దిద్దడం తేలిక. సెమీకోలన్ మరిచిపోతే కంపైలర్ ఆపుతుంది, వరుస సంఖ్య కూడా చెబుతుంది. ఫంక్షన్‌ను ప్రకటించి, దాని శరీరం రాయడం మరిచిపోతే కంపైలర్ ఊరుకుంటుంది, లింకర్ ఆపుతుంది. తర్కం తప్పితే ఎవరూ ఆపరు. ప్రోగ్రాము చక్కగా నడిచి తప్పు జవాబు ఇస్తుంది.

నేడు ఎక్కువగా వాడే కంపైలర్లు రెండు. రిచర్డ్ స్టాల్‌మన్ 1987లో విడుదల చేసిన జీసీసీ ఒకటి, ఎల్ఎల్‌వీఎం ప్రాజెక్టులో భాగమైన క్లాంగ్ మరొకటి. రెండూ ఉచితం. హెచ్చరికలన్నీ చూపమని కంపైలర్‌ను అడగడం తొలి రోజు నుంచే అలవాటు చేసుకోవాలి. కంపైలర్ ఇచ్చే హెచ్చరికను పట్టించుకోకపోతే ఆ పొరపాటే తర్వాత గంటల కొద్దీ వెతికిస్తుంది.

ప్రోగ్రాము నిర్మాణం

అతి చిన్న సి ప్రోగ్రాము ఇలా ఉంటుంది:

#ఇన్‌క్లూడ్ <ఎస్‌టీడీఐఓ.హెచ్>
ఇంట్ మెయిన్(వాయిడ్)
{
    ప్రింట్‌ఎఫ్("నమస్కారం");
    రిటర్న్ 0;
}

మొదటి వరుస ప్రామాణిక ఇన్‌పుట్, ఔట్‌పుట్ ఫంక్షన్ల ప్రకటనలున్న హెడర్ ఫైలును తెప్పిస్తుంది. ప్రోగ్రాము ఎంత పెద్దదైనా అమలు మెయిన్ ఫంక్షన్ దగ్గరే మొదలవుతుంది. మీసాల బ్రాకెట్లు ఆ ఫంక్షన్ శరీరానికి హద్దులు. వాక్యం ముగిసిందని సెమీకోలన్ చెబుతుంది. చివరి వరుసలోని 0 ఆపరేటింగ్ సిస్టమ్‌కు వెళుతుంది, పని సవ్యంగా ముగిసిందని దాని అర్థం. మెయిన్ ముందు ఇంట్ బదులు వాయిడ్ రాసే పద్ధతి మన ప్రాంతంలోని పాత నోట్సుల్లో విస్తారంగా కనిపిస్తుంది. మామూలు కంప్యూటర్లపై నడిచే ప్రోగ్రాములకు ప్రమాణం ఇంట్‌నే నిర్దేశిస్తుంది.

డేటా రకాలు

వేరియబుల్ అంటే మెమరీలో పేరు పెట్టిన ఒక చోటు. ఆ చోటు ఎన్ని బైట్లదో, అందులోని బిట్లను ఏ విలువగా చదవాలో రకం నిర్ణయిస్తుంది. చార్ ఎప్పుడూ ఒక బైటు. ఇంట్ కనీసం 16 బిట్లు ఉండాలని మాత్రమే ప్రమాణం అంటుంది. నేటి కంప్యూటర్లలో అది సాధారణంగా 32 బిట్లు, అంటే 4 బైట్లు. దశాంశ సంఖ్యలకు ఫ్లోట్ (సాధారణంగా 4 బైట్లు), డబుల్ (సాధారణంగా 8 బైట్లు) ఉన్నాయి. లాంగ్ పరిమాణం వ్యవస్థను బట్టి మారుతుంది: 64 బిట్ల లినక్స్‌లో 8 బైట్లు, 64 బిట్ల విండోస్‌లో 4 బైట్లు. ఫలానా యంత్రంలో ఏది ఎంతో సైజ్‌ఆఫ్ ఆపరేటర్‌తో తెలుసుకోవచ్చు.

ఈ అంకెల ప్రభావం ప్రయోగశాలలో అందరూ రాసే ఫ్యాక్టోరియల్ ప్రోగ్రాములో స్పష్టంగా కనిపిస్తుంది. 16 బిట్ల ఇంట్‌లో పట్టే గరిష్ఠ సంఖ్య 32,767. 7 ఫ్యాక్టోరియల్ 5,040 కాబట్టి అది పడుతుంది. 8 ఫ్యాక్టోరియల్ 40,320, అది పట్టదు. 32 బిట్ల ఇంట్‌లో గరిష్ఠ సంఖ్య 2,14,74,83,647. అక్కడ 12 ఫ్యాక్టోరియల్ (47,90,01,600) వరకు సరైన జవాబు వస్తుంది, 13 దగ్గర తప్పుతుంది. 64 బిట్ల లాంగ్ లాంగ్ రకం వాడితే 20 వరకు వెళ్లవచ్చు. సూత్రంలో ఏ తప్పూ లేకపోయినా జవాబు తప్పడం విద్యార్థిని కలవరపెడుతుంది. గణితంలో పూర్ణాంకాలకు అంతు లేదు. సి భాషలో ఇంట్ అన్నది బైట్ల లెక్కకు లోబడిన సంఖ్య.

అక్షరాలు కూడా లోపల సంఖ్యలే. ఆస్కీ పట్టిక ప్రకారం ఆంగ్ల పెద్ద ఎ విలువ 65, చిన్న ఎ విలువ 97. సున్నా అనే అక్షరం విలువ 48. అందుకే ఒంటి కొటేషన్లలో రాసిన 5 అక్షరమూ, విడిగా రాసిన 5 సంఖ్యా ఒకటి కావు. అక్షరం విలువ 53.

ఆపరేటర్లు

కూడిక, తీసివేత, గుణకారం పాఠశాల గణితంలాగే ఉంటాయి. భాగహారం దగ్గర జాగ్రత్త కావాలి. ఒక ఊరిలో ఏడు రోజుల వర్షపాతం మిల్లీమీటర్లలో 12, 0, 5, 31, 8, 0, 3 అనుకుందాం. మొత్తం 59. దాన్ని 7తో భాగిస్తే రెండూ పూర్ణాంకాలు కాబట్టి సి ఇచ్చే జవాబు 8. దశాంశ భాగం మాయమవుతుంది. 7.0తో భాగిస్తే సుమారు 8.43 వస్తుంది. జవాబును డబుల్ రకం వేరియబుల్‌లో దాచినంత మాత్రాన సరిపోదు, భాగహారం అప్పటికే పూర్ణాంకాల్లో జరిగిపోయి ఉంటుంది.

ఒక సమాన గుర్తు విలువను ఇస్తుంది, రెండు సమాన గుర్తులు పోల్చి చూస్తాయి. బీసీపీఎల్‌లో విలువ ఇవ్వడానికి కోలన్‌తో కలిసిన సమాన గుర్తు వాడేవారు. బి భాషలో థామ్సన్ దాన్ని ఒట్టి సమాన గుర్తుగా కుదించారు. ఇఫ్ షరతులో రెండో సమాన గుర్తు మరిచిపోతే పోలిక జరగదు. విలువ మారిపోతుంది, ఆ విలువ సున్నా కాకపోతే షరతు నిజమవుతుంది. వ్యాకరణం ప్రకారం అది సరైన వాక్యమే.

ఆపరేటర్ల ప్రాధాన్య క్రమంలోనూ బి ఆనవాలు ఉంది. ఒంటి & గుర్తు పోలిక కంటే తక్కువ ప్రాధాన్యంలో ఉండటం వారసత్వంగా వచ్చిన లోపమని రిచీ స్వయంగా వివరించారు. కుండలీకరణాలు వేస్తే ఆ పట్టికను బట్టీపట్టే అవసరం రాదు.

నియంత్రణ వాక్యాలు

షరతును బట్టి దారి ఎంచుకోవడానికి ఇఫ్, ఎల్స్, స్విచ్ ఉన్నాయి. పునరావృతానికి వైల్, డూ-వైల్, ఫర్ ఉన్నాయి. ఎన్నిసార్లు తిరగాలో ముందే తెలిస్తే ఫర్, తెలియకపోతే వైల్, కనీసం ఒకసారైనా జరగాలంటే డూ-వైల్ అనువైనవి. స్విచ్‌లో ప్రతి కేస్ చివరా బ్రేక్ రాయకపోతే అమలు తర్వాతి కేస్‌లోకి జారిపోతుంది. ఫర్ బ్రాకెట్ మూసిన వెంటనే సెమీకోలన్ పెడితే లూపు శరీరం ఖాళీ అయిపోతుంది. నిజం అన్నదానికి మొదట్లో సిలో విడి రకం లేదు. సున్నా అబద్ధం, సున్నా కానిదేదైనా నిజం. ఆ రకాన్ని సూచించే బూల్ కీలక పదంగా సి23లోనే స్థిరపడింది.

ఫంక్షన్లు

పేరు, తీసుకునే విలువలు, తిరిగి ఇచ్చే విలువ రకం, శరీరం కలిస్తే ఫంక్షన్. సిలో ఫంక్షన్‌కు చేరేది విలువ నకలు మాత్రమే. రెండు సంఖ్యలను తారుమారు చేసే ఫంక్షన్ రాసి, దానికి రెండు వేరియబుల్స్ పంపితే లోపల నకళ్లు తారుమారవుతాయి. పిలిచినచోట అసలు విలువలు అలాగే ఉంటాయి. ఈ ఉదాహరణను చాలా కోర్సుల్లో పాయింటర్ల పాఠానికి ముందు ఒక వింతగా చూపి వదిలేస్తారు. నకలు వెళ్లిందన్న సంగతి ఇక్కడే నిలబడి అర్థం చేసుకుంటే పాయింటర్ ఎందుకు కావాలో దానంతట అదే తెలుస్తుంది (చూ. పాయింటర్లు).

ఫంక్షన్ లోపల ప్రకటించిన వేరియబుల్ ఫంక్షన్ ముగియగానే పోతుంది. దానికి తొలి విలువ ఇవ్వకపోతే అందులో ఏముంటుందో చెప్పలేం. వర్షపాతం మొత్తాన్ని లెక్కించే వేరియబుల్‌ను సున్నాతో మొదలుపెట్టాలి. ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడాన్ని రికర్షన్ అంటారు. ప్రతి పిలుపుకూ స్టాక్ అనే ప్రాంతంలో కొంత మెమరీ ఖర్చవుతుంది కాబట్టి ఆగే షరతు తప్పనిసరి.

అర్రేలు

ఒకే రకం విలువలు మెమరీలో పక్కపక్కనే ఉంటే అర్రే. వర్షపాతం ఉదాహరణలో ఇంట్ వాన[7] అని ప్రకటిస్తే 4 బైట్ల చొప్పున 28 బైట్లు వరుసగా దొరుకుతాయి. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది: మొదటి రోజు వాన[0], ఏడో రోజు వాన[6]. బ్రాకెట్‌లోని సంఖ్య మొదటి విలువ నుంచి ఎంత దూరం జరగాలో చెబుతుంది, అందుకే సున్నా. అర్రే 1000వ చిరునామాలో మొదలైతే 31 ఉన్న వాన[3] చిరునామా 1012.

వాన[7] అని రాస్తే సి అడ్డుచెప్పదు. 1028వ చిరునామాకు వెళ్లి అక్కడ ఏముంటే దాన్ని చదువుతుంది, రాయమంటే రాస్తుంది. అది వేరొక వేరియబుల్ ఉన్న చోటు కావచ్చు. హద్దులు చూసే బాధ్యత ప్రోగ్రామరుదే.

స్ట్రింగులు, తెలుగు అక్షరాలు

సిలో స్ట్రింగుకు విడి రకం లేదు. అక్షరాల అర్రే చివర సున్నా విలువ గల బైటు ఉంటే అదే స్ట్రింగు. పదక్షరాల ఆంగ్ల పదానికి పదకొండు బైట్లు కేటాయించాలి. పొడవు చెప్పే స్ట్ర్‌లెన్ ఫంక్షన్ ఆ సున్నా దొరికేదాకా బైట్లను లెక్కపెడుతూ పోతుంది.

తెలుగు పాఠ్యాన్ని సిలో వాడేవారు ఈ సంగతిని మరింత జాగ్రత్తగా గమనించాలి. నేడు విస్తృతంగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగుకు చెందిన ప్రతి యూనికోడ్ సంకేతానికీ 3 బైట్లు కావాలి. ‘తెలుగు’ అన్న మాట చదివేవారికి మూడక్షరాలు. యూనికోడ్‌లో హల్లులూ గుణింతపు గుర్తులూ విడివిడిగా ఆరు సంకేతాలు. స్ట్ర్‌లెన్‌ను అడిగితే 18 అంటుంది. నిల్వకు సున్నాతో కలిపి 19 బైట్లు కావాలి. ఈ మాటను బైటు బైటుగా వెనక్కి తిప్పితే అర్థంలేని గుర్తులు వస్తాయి. అక్షరం, సంకేతం, బైటు అనే మూడింటి తేడా పట్టుకోవడానికి తెలుగు విద్యార్థికి సొంత పేరు రాసి కొలవడం కంటే మంచి అభ్యాసం కనిపించదు. యూటీఎఫ్-8ను 1992లో రూపొందించినవారు రాబ్ పైక్, బి భాషను తయారుచేసిన కెన్ థామ్సన్. జీసీసీ 10వ వెర్షన్ నుంచి వేరియబుల్ పేర్లను కూడా నేరుగా తెలుగు లిపిలో రాయవచ్చు. కీలక పదాలు మాత్రం ఆంగ్లంలోనే ఉండాలి.

పాయింటర్లు

మరో విలువ ఉన్న చిరునామాను దాచుకునే వేరియబుల్ పాయింటర్. పేరు ముందు & పెడితే ఆ వేరియబుల్ చిరునామా వస్తుంది. పాయింటర్ ముందు నక్షత్రం పెడితే ఆ చిరునామాలోని విలువ వస్తుంది. ప్రకటనలో కనిపించే నక్షత్రం ఇది పాయింటర్ అని చెబుతుంది, వాడుకలో కనిపించే నక్షత్రం ఆ చిరునామాకు వెళ్లమంటుంది. ఒకే గుర్తు రెండు పనులకు వాడటమే ప్రారంభకుల తికమకకు మొదటి కారణం.

కీబోర్డు నుంచి సంఖ్యను చదివే స్కాన్‌ఎఫ్‌లో వేరియబుల్ ముందు & ఎందుకు రాయాలన్నది తొలి వారంలోనే వచ్చే ప్రశ్న. నకలు పంపితే స్కాన్‌ఎఫ్ దాన్ని నింపినా పిలిచినవారికి చేరదు. చిరునామా పంపితే నేరుగా అక్కడే రాస్తుంది. తారుమారు ఫంక్షన్‌కూ ఇదే మందు: విలువల బదులు చిరునామాలు పంపాలి. స్కాన్‌ఎఫ్ ఎన్ని విలువలను విజయవంతంగా చదివిందో ఒక సంఖ్యగా తిరిగి ఇస్తుంది. సంఖ్య అడిగినచోట వాడుకరి అక్షరాలు టైపు చేశాడా అన్నది దానితోనే తెలుస్తుంది.

పాయింటర్‌కు ఒకటి కూడితే చిరునామా ఒక బైటు కాకుండా ఒక విలువ పొడవు ముందుకు జరుగుతుంది. ఇంట్ పాయింటర్ 1000 నుంచి 1004కు వెళుతుంది. అర్రేలో బ్రాకెట్ రాత నిజానికి ఈ కూడికకే సంక్షిప్త రూపం. అర్రేను ఫంక్షన్‌కు పంపినప్పుడు వెళ్లేది మొదటి విలువ చిరునామా మాత్రమే. అందుకే ఫంక్షన్ లోపల అర్రే పరామితిని సైజ్‌ఆఫ్‌తో కొలిస్తే 28 రాదు, 64 బిట్ల యంత్రాల్లో పాయింటర్ పరిమాణమైన 8 వస్తుంది. అర్రేతోపాటు దాని పొడవును కూడా పంపడం అందువల్లే సి ప్రోగ్రాముల్లో ఆచారమైంది.

ఏ చోటునూ చూపని పాయింటర్‌కు నల్ విలువ ఇస్తారు. నల్ చిరునామాకు వెళ్లబోతే ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న కంప్యూటర్లలో ప్రోగ్రాము సాధారణంగా ఆగిపోతుంది. కనపడని తప్పు కంటే అలా ఆగిపోవడమే నయం.

డైనమిక్ మెమరీ

ఎన్ని రోజుల వర్షపాతం నమోదు చేయాలో ప్రోగ్రాము నడిచేటప్పుడే తెలిసే సందర్భాలుంటాయి. అప్పుడు మాలోక్ ఫంక్షన్‌తో హీప్ అనే ప్రాంతం నుంచి కావలసినన్ని బైట్లు అడగవచ్చు. దొరికితే చిరునామా వస్తుంది, దొరకకపోతే నల్ వస్తుంది. మాలోక్ ఇచ్చిన చోటులో పాత చెత్త ఉండవచ్చు. కాలోక్ అయితే సున్నాలతో నింపి ఇస్తుంది. పని అయ్యాక ఫ్రీ ఫంక్షన్‌తో తిరిగి ఇవ్వాలి.

తిరిగి ఇవ్వడం మరిచిపోతే మెమరీ కారిపోతుంది. రోజుల తరబడి నడిచే సర్వర్ ప్రోగ్రాముల్లో ఇది పెద్ద సమస్య. ఇచ్చేశాక మళ్లీ వాడటం, రెండుసార్లు ఇవ్వడం అంతకంటే ప్రమాదకరం. జావా, పైథాన్‌లలో ఈ పనిని భాషే చూసుకుంటుంది. వాల్‌గ్రైండ్, అడ్రస్ శానిటైజర్ అనే ఉచిత సాధనాలు ఇలాంటి తప్పులు ఎన్నో వరుసలో జరిగాయో చూపుతాయి. వీటిని పాయింటర్లతోపాటే నేర్పడం అవసరం.

స్ట్రక్చర్లు, ఫైళ్లు

వేర్వేరు రకాల విలువలను ఒక పేరు కింద చేర్చేది స్ట్రక్చర్. ఊరి పేరు, తేదీ, వర్షపాతం కలిపి ఒక నమోదుగా ఉంచవచ్చు. ఒక చార్, ఒక ఇంట్ ఉన్న స్ట్రక్చర్ సాధారణ కంప్యూటర్లలో 5 బైట్లకు బదులు 8 బైట్లు తీసుకుంటుంది. ఇంట్‌ను నాలుగుతో భాగించబడే చిరునామాలో ఉంచడానికి మధ్యలో ఖాళీ వదులుతారు. ఫైళ్లను తెరవడానికి ఎఫ్ఓపెన్, మూయడానికి ఎఫ్‌క్లోజ్ ఉన్నాయి. తెరవడం విఫలమైతే నల్ వస్తుంది కాబట్టి చూసుకున్నాకే ముందుకెళ్లాలి.

అనిర్వచిత ప్రవర్తన

కొన్ని పనులు చేస్తే ఫలితం ఏమిటో సి ప్రమాణం చెప్పదు. అర్రే హద్దు దాటడం, తొలి విలువ ఇవ్వని స్థానిక వేరియబుల్‌ను చదవడం, గుర్తు గల పూర్ణాంకం గరిష్ఠ హద్దు దాటడం, సున్నాతో భాగించడం ఇందులోకి వస్తాయి. వీటిని అనిర్వచిత ప్రవర్తన అంటారు. ఒక కంపైలర్‌లో ఒక జవాబు, మరోదానిలో ఇంకో జవాబు రావచ్చు. ఇవాళ బాగా నడిచి రేపు కూలిపోవచ్చు.

మన పరీక్షల్లోనూ, ఉద్యోగ ఎంపిక పరీక్షల్లోనూ ఒకే వాక్యంలో ఒకే వేరియబుల్‌ను రెండు మూడుసార్లు పెంచే ఇంక్రిమెంట్ ప్రశ్నలు తరచూ వస్తాయి. ఔట్‌పుట్ ఎంత అని అడిగి నాలుగు సంఖ్యలిస్తారు. వాటిలో చాలావాటికి ప్రమాణం ప్రకారం సరైన జవాబే లేదు. ఇలాంటి ప్రశ్నలు ఒక ఫలానా కంపైలర్ అలవాటును భాషా నియమంగా నేర్పుతాయి, అందువల్ల హానికరం.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సి బోధన

ఇంజనీరింగ్ తొలి సంవత్సరం, పాలిటెక్నిక్ డిప్లొమా, డిగ్రీ కంప్యూటర్ కోర్సుల్లో సి చాలాకాలంగా తొలి భాష. పీజీ ప్రవేశ పరీక్ష గేట్‌లోని కంప్యూటర్ సైన్స్ సిలబస్‌లో ప్రోగ్రామింగ్ భాగం సి పేరుతోనే ఉంటుంది. హైదరాబాద్ అమీర్‌పేటలోని శిక్షణ సంస్థల్లో మాటల్లో తెలుగు, రాతలో ఆంగ్లం కలిసిన పద్ధతిలో వేలాది మంది దీన్ని నేర్చుకున్నారు. తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారికి తర్కం కంటే కంపైలర్ ఇచ్చే ఆంగ్ల సందేశాలే ఎక్కువ ఇబ్బంది పెడతాయి. తరచూ వచ్చే సందేశాలను తెలుగులో వివరించి చెబితే ఈ అడ్డంకి చాలా తగ్గుతుంది.

బోర్లాండ్ సంస్థ 1987లో తెచ్చిన టర్బో సి, దాని తర్వాతి రూపాలు మన కళాశాలల్లో దశాబ్దాలపాటు కొనసాగాయి. అందులో ఇంట్ 2 బైట్లు. తెరను తుడిచే క్లియర్‌స్క్రీన్, మీట నొక్కేదాకా ఆపే గెట్‌సీహెచ్ వంటివి ఆ కంపైలర్‌తో వచ్చిన, డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్‌కు చెందిన సదుపాయాలే తప్ప ప్రామాణిక సి కావు. 64 బిట్ల విండోస్‌పై ఆ పాత ప్రోగ్రాము నేరుగా నడవదు, డాస్‌బాక్స్ లాంటి అనుకరణ సాధనం కావాలి. నేర్చుకున్న పాఠం బయట జీసీసీలో పనిచేయకపోతే విద్యార్థి తనకే రాదనుకుంటాడు. జీసీసీ లేదా క్లాంగ్‌తో మొదలుపెడితే ఈ చిక్కు రాదు. సొంత కంప్యూటరు లేనివారు బ్రౌజర్‌లో నడిచే కంపైలర్లనూ, ఆండ్రాయిడ్ ఫోనులో టెర్మక్స్‌నూ వాడుకోవచ్చు.

తొలి భాషగా సి తగునా, పైథాన్ తగునా అన్న చర్చ ఉంది. పైథాన్‌లో తక్కువ వరుసల్లో ఫలితం కనిపిస్తుంది, ఉత్సాహం నిలుస్తుంది. సిలో అడుగడుగునా వివరాలు పట్టించుకోవాలి కానీ యంత్రం లోపల జరిగేది తెలుస్తుంది. హార్వర్డ్ విశ్వవిద్యాలయం ప్రారంభ కోర్సు సీఎస్50 స్క్రాచ్‌తో మొదలై, సి మీదుగా పైథాన్‌కు వెళుతుంది. కంప్యూటర్ సైన్స్‌ను వృత్తిగా తీసుకునేవారికి ముందో వెనకో సి తప్పదు. ఇతర రంగాలవారికి దాన్ని తొలి మెట్టుగా బలవంతం చేయనక్కరలేదు.

ఉపయోగాలు, పరిమితులు

లినక్స్ కెర్నెల్ ప్రధానంగా సిలో ఉంది, ఆండ్రాయిడ్ ఫోన్లు నడిచేది దానిపైనే. పైథాన్ ప్రధాన అమలు రూపం, ఎస్‌క్యూలైట్ డేటాబేస్, గిట్ కూడా ప్రధానంగా సిలో రాసినవే. వాషింగ్ మెషిన్ మొదలు కార్ల వరకు చిన్న మైక్రోకంట్రోలర్ల ప్రోగ్రాములకు నేటికీ ఇదే ముఖ్య భాష. సి++, ఆబ్జెక్టివ్-సి నేరుగా దీని మీద కట్టినవి. జావా, సి#, జావాస్క్రిప్ట్, పీహెచ్‌పీ దీని వాక్య నిర్మాణాన్ని తీసుకున్నాయి.

హద్దులు చూడని స్వభావానికి సమాజం చెల్లించిన మూల్యం పెద్దదే. 1988 నవంబరులో ఇంటర్నెట్‌ను కుదిపిన మోరిస్ వర్మ్ అనే హానికర ప్రోగ్రాము వ్యాపించిన దారుల్లో ఒకటి గెట్స్ అనే ఫంక్షన్. వచ్చే వరుస ఎంత పొడవున్నా అది ఆపకుండా అర్రేలో నింపుతుంది. సి11 దాన్ని ప్రమాణం నుంచి తొలగించింది. దాని బదులు పొడవు హద్దు అడిగే ఎఫ్‌గెట్స్ వాడాలి. 2014లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ లోపం కూడా ఓపెన్ఎస్ఎస్ఎల్ లైబ్రరీ హద్దు దాటి మెమరీ చదవడం వల్ల వచ్చినదే. ఈ తరహా తప్పులను చాలావరకు కంపైలర్ దశలోనే ఆపే రస్ట్ భాష 2022 డిసెంబరు నాటి 6.1 వెర్షన్‌తో లినక్స్ కెర్నెల్‌లోకి ప్రవేశించింది. అక్కడి రస్ట్ భాగాలు సిలో ఉన్న ఫంక్షన్లను పిలుస్తూ పనిచేయాలి కాబట్టి వాటిని రాసేవారికి సి పాయింటర్లు, స్ట్రక్చర్ల పరిజ్ఞానం అవసరమే.